వైజాగ్ ఉక్కపోతలో జుట్టు రేగకుండా ఉండాలంటే

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్న జుట్టు, వైజాగ్ వచ్చిన ఎనిమిది నెలలకే కొబ్బరి పీచులా తయారైందన్నావు. పొద్దున్న ఎంత సాఫీగా స్ట్రెయిటెనింగ్ చేసుకున్నా, ఎంవీపీ కాలనీ నుంచి స్కూటీ మీద రుషికొండ ఆఫీసుకి చేరేలోపే అంతా రేగిపోతోందనీ, అందుకే రోజూ మెషీన్ 230 డిగ్రీల మీద పెట్టి లాగుతున్నాననీ రాశావు. పార్లర్‌లో జుట్టు సాఫీ చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోమన్నారు, చేయించుకోనా, లేక ఇంతకన్నా మంచి మెషీన్ కొననా అని అడిగావు. డిసెంబర్‌లో మీ అక్క పెళ్లి కూడా ఉందన్నావు.

నేను 22 ఏళ్లుగా ఈ ఊళ్లో పార్లర్ పనిలోనే ఉన్నాను. మొదట్లో జగదాంబ సెంటర్ వైపు ఒకరి దగ్గర పనిచేశాను, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. బయటి ఊళ్ల నుంచి ఉద్యోగాలకి వచ్చిన ఆడపిల్లలు నీలాగే అద్దం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకోవడం చాలాసార్లు చూశాను. ముందే చెప్తున్నాను, కొత్త మెషీన్ కొనకు. కెరాటిన్ సంగతి తర్వాత మాట్లాడదాం. నువ్వు మార్చుకోవాల్సింది తలస్నానం చేసి బయటికొచ్చాక మొదటి అరగంట. ఈ ఊళ్లో జుట్టు అణిగి ఉంటుందా, రేగుతుందా అన్నది ఎక్కువగా అక్కడే తేలిపోతుంది.

ఎందుకో అర్థమైతే మిగతావన్నీ నీకే తడతాయి. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటుంది. లోపల ఉండేది కెరాటిన్ అనే ప్రోటీన్ పోగులు. ఆ పోగుల్ని పట్టి ఉంచే బంధాల్లో కొన్ని గట్టివి. వాటిని సల్ఫర్ బంధాలంటారు, రీబాండింగ్‌లో వాడే లాంటి మందులు పడితే తప్ప తెగవు. ఇంకొన్ని హైడ్రోజన్ బంధాలు. ఇవి నీళ్లు తగిలినా విడిపోతాయి, వేడి తగిలినా విడిపోతాయి. ఆరినప్పుడు, చల్లారినప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలోనే మళ్లీ కట్టుకుంటాయి. కాటన్ చీరకి నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తాం చూడు, అక్కడ జరిగేదీ ఇదే. ఆ చీర కట్టుకుని ఉక్కపోతలో గంట నిలబడితే ఇస్త్రీ అంతా పోయినట్టే, నీ స్ట్రెయిటెనింగూ పోతోంది.

మన ఊరి గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే ఉంటుంది. నువ్వు తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ మీదుగా వెళ్తావు. దారి పొడవునా ఒక పక్క సముద్రమే. ఆ చెమ్మ వెంట్రుకలోకి దిగగానే బంధాలు అక్కడక్కడ వదులై, ఒక్కో వెంట్రుకా తన సొంత వంపుకి తను తిరిగిపోతుంది. పక్క వెంట్రుకతో కలవదు. బయటికి కనిపించే రేగుడు అదే. దీన్ని 230 డిగ్రీలు ఆపలేవు. పైగా అంత వేడి రోజూ తగిలితే పొలుసులు లేచి, విరిగి, పైనున్న నూనె పొర పోయి, వెంట్రుక ఇంకా ఎక్కువ చెమ్మ పీలుస్తుంది. అంటే నిన్నటి ఇస్త్రీ వల్లే ఇవాళ ఎక్కువ రేగుతోంది. నువ్వు ఎనిమిది నెలలుగా ఈ చక్రంలోనే తిరుగుతున్నావు.

ఇంకో మాట రాశావు, కాస్త తడిగా ఉన్నప్పుడు పెడితే బాగా సాఫీగా వస్తోందని. అది చదివి నాకు గుండె ఝల్లుమంది. నేను పనిలో చేరిన మూడో ఏడు ఒక పెళ్లికూతురు వచ్చింది. ముహూర్తానికి టైం లేదు. జుట్టు పైకి ఆరినట్టే ఉంది గానీ మెడ దగ్గర లోపలి పాయలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. పర్లేదు, కానిచ్చెయ్ అన్నారు ఓనరు. ప్లేట్ల మధ్య పాయ పెట్టి నొక్కగానే చుయ్‌మని చప్పుడు, సన్నగా ఆవిరి. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు. ఆ రోజు జడ బ్రహ్మాండంగా కుదిరింది. మూడు వారాల తర్వాత ఆ అమ్మాయే వచ్చి మెడ వెనక జుట్టు చూపించింది. దువ్వుతుంటే వెంట్రుకలు మధ్యలో పుటుక్కున తెగిపోతున్నాయి. లోపలున్న నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారి లేక వెంట్రుకలోనే బుడగలు కడుతుంది. దీనికి బబుల్ హెయిర్ అనే పేరు కూడా ఉంది. బుడగ ఉన్నచోట వెంట్రుక బోలుగా మారి అక్కడే విరుగుతుంది. తెగిన ఆ పొట్టి ముక్కలే తర్వాత తల చుట్టూ నిక్కబొడుచుకుని రేగిన జుట్టులా కనిపిస్తాయి. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది. చుయ్‌మని ఎప్పుడు వినిపించినా ఆ క్షణమే మెషీన్ పక్కన పెట్టెయ్.

ఇప్పుడు ఆ అరగంట సంగతి. బాత్‌రూంలోంచి రాగానే తల ముందుకి వంచి తువ్వాలుతో పటపటా కొట్టడం మన ఇళ్లలో అందరికీ అలవాటు. మా అమ్మా అలాగే చేసేది. తర్వాత అదే తువ్వాలు బిగించి ముడి చుట్టి, టిఫిన్ అయ్యేదాకా ఉంచుతాం. తడిసిన వెంట్రుక ఉబ్బి, పొలుసులు లేచి, సాగే స్థితిలో ఉంటుంది. అప్పుడు గరుకు గుడ్డతో కొట్టినా రుద్దినా నష్టం ఎక్కువ. పాత వాయిల్ చీర ముక్క గానీ, ఉతికి ఉతికి మెత్తబడ్డ కాటన్ టీషర్టు గానీ తీసుకో. పాయలు పాయలుగా పట్టుకుని పైనుంచి కిందికి నొక్కుతూ రా. పిండకు, రుద్దకు. నీళ్లు కారడం ఆగితే చాలు, జుట్టు ఇంకా బాగా తడిగానే ఉండాలి.

సీరం గానీ, క్రీమ్ గానీ రాయాల్సింది సరిగ్గా అప్పుడే. చాలామంది ఆరాక, రేగడం మొదలయ్యాక రాస్తారు. అప్పుడు రాస్తే జుట్టు పైకి జిడ్డుగా కనపడుతుంది తప్ప అణగదు. తడి మీద వెంట్రుకలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒక గుంపుగా ఉంటాయి. ఆ గుంపు చెదరకముందే పైన పూత పడాలి. నీ జుట్టు పొడవుకి క్రీమ్ అయితే బఠాణీ గింజంతవి రెండు, సీరం అయితే నాలుగైదు చుక్కలు. నమస్కారం పెట్టినట్టు రెండు అరచేతుల మధ్య పాయ పెట్టి, చెవుల దగ్గర నుంచి చివర్ల దాకా జారుస్తూ రా. మాడుకి వద్దు. ఆ తర్వాత పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకు. అద్దంలో చూసుకుంటూ సవరించడం, వేళ్లతో దువ్వడం, చెవి వెనక్కి తొయ్యడం ఏదీ వద్దు. నా దగ్గరికొచ్చే వాళ్లందరికీ కష్టంగా ఉండేది ఇదే, కానీ ఫలితం కనిపించేదీ ఇక్కడే.

నువ్వు పెట్టిన ఫోటోలో ఒకటి గమనించాను. చెవి వెనక, మెడ దగ్గర పాయలు పాములా మెలికలు తిరిగి ఉన్నాయి. నీది సాఫీ జుట్టు కాదమ్మా, అలల జుట్టు. హైదరాబాద్ పొడి గాలికి ఆ అలలు పెద్దగా బయటపడలేదు, ఇక్కడ పడుతున్నాయి. ఆరిన అలల జుట్టుని సన్న పళ్ల దువ్వెనతో దువ్వితే ఒక్కో అలా నాలుగు ముక్కలై రేగుతుంది. అందుకే చిక్కు తీసుకోవడం తలస్నానంలోనే, కండిషనర్ ఉండగానే అయిపోవాలి. పెద్ద పళ్ల దువ్వెనతో ముందు చివర్లు, తర్వాత మధ్య, ఆఖర్న కుదుళ్లు. కండిషనర్ సరిపడా పడిందని ఎలా తెలుస్తుందంటే, జుట్టు చేతిలో బచ్చలాకు నలిపినట్టు జారాలి. గరగరలాడుతుంటే ఇంకాస్త కావాలని అర్థం. మందారాకు రుబ్బి పెట్టుకునే అలవాటుంటే అదీ మంచిదే, ఆ జిగురు చేసే పని కూడా అలాంటిదే. ముక్కలు మిగలకుండా బాగా కడుక్కోవాలి, అంతే.

కొనేటప్పుడు సీసా వెనక చిన్నక్షరాలు చదువు. జుట్టుకి రాసి ఉంచేసే క్రీముల్లో గ్లిజరిన్ మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే అది ఇక్కడ నీకు పనికిరాదు. గ్లిజరిన్ గాలిలోని చెమ్మని లాగుతుంది. వైజాగ్ గాలిలో లాగడానికి చెమ్మ బోలెడుంది. కడిగేసే కండిషనర్‌లో ఉంటే పర్లేదు. డైమెథికోన్ లాంటి సిలికోన్లు ఉన్నవి వెంట్రుక మీద పల్చటి పూతలా ఉండి చెమ్మని ఆపుతాయి. సిలికోన్ అంటే విషమన్నట్టు వీడియోల్లో భయపెడతారు గానీ, సముద్రం ఒడ్డున ఉండే వాళ్లకి అవి చేసే మేలు చాలా ఉంది. పదిహేను రోజులకోసారి బాగా షాంపూ చేస్తే పేరుకోవు. కొనడం ఇష్టం లేకపోతే అవిసె గింజల జెల్ చేసుకో. పావు కప్పు గింజలకి రెండు కప్పుల నీళ్లు, ఏడెనిమిది నిమిషాలు మరగనిచ్చి, గుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దించి, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టు. చల్లారితే గింజలకి అంటుకుపోయి రాదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. తడి జుట్టుకి రాస్తే ఆరాక కొంచెం బిరుసుగా అనిపిస్తుంది, నలిపితే మెత్తబడుతుంది.

ఆరబెట్టడం గురించి. డ్రయ్యర్ వాడితే జుట్టు పాడవుతుందని ఫ్యాన్ కింద వదిలేస్తున్నానన్నావు. మన ఉక్కపోతలో ఒత్తు జుట్టు ఫ్యాన్ కింద ఆరాలంటే మూడు గంటలైనా పడుతుంది. అంతసేపు వెంట్రుక నీళ్లతో ఉబ్బి ఉండటం కూడా మంచిది కాదు. 2011లో కొరియాలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. 15 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఆరబెట్టినప్పుడు జుట్టుకి వేడి సుమారు 47 డిగ్రీలే తగిలింది. 5 సెంటీమీటర్లకి దగ్గరకి తెస్తే అది 95 దాకా పోయింది. దూరంగా పట్టి కదుపుతూ వాడిన డ్రయ్యర్ కన్నా, దానంతటది ఆరేదాకా వదిలేసినప్పుడే వెంట్రుక లోపలి పొరల్ని అంటిపెట్టే జిగురు లాంటి పదార్థం ఎక్కువ దెబ్బతింది. కాబట్టి డ్రయ్యర్‌కి భయపడకు, దాన్ని తలకి ఆనించి వాడటానికి భయపడు.

నీ దగ్గర ఉన్న డ్రయ్యరే చాలు, దానితో పాటు వచ్చే నాజిల్ ఎక్కడో అట్టపెట్టెలో పడి ఉంటుంది, వెతికి తీయి. సాఫీగా కావాలనుకున్న రోజు నాజిల్ పెట్టి, గాలి ఎప్పుడూ కుదుళ్ల నుంచి చివర్ల వైపే కొట్టేలా పట్టుకో. పొలుసులు పడుకునే దిశ అదే. కింది నుంచి పైకి కొడితే చేప పొలుసు ఎదురు గీకినట్టే. అలలు అలాగే ఉంచుకోవాలనుకున్న రోజు డిఫ్యూజర్ పెట్టు. అది గిన్నెలా వెడల్పుగా, పళ్లతో ఉంటుంది. పాయని అందులో కూర్చోబెట్టి తక్కువ గాలితో కదపకుండా ఆరనివ్వాలి. చివరి రెండు నిమిషాలు చల్లగాలి బటన్ నొక్కు. బంధాలు కుదురుకునేది చల్లారేటప్పుడే అని చెప్పాను కదా, వేడిగా ఉన్న జుట్టుని వెంటనే జడ వేసినా, హెల్మెట్ కింద తోసినా ఆ నొక్కుడే ఖాయమైపోతుంది.

స్ట్రెయిటెనర్ పూర్తిగా మానెయ్యమనను. వారానికి రెండు రోజులు, అంతకు మించి వద్దు. 160తో మొదలుపెట్టు, నీ జుట్టుకి 180 దాటాల్సిన అవసరం ఉంటుందని నేననుకోను. జుట్టు ఎముకలా పొడిగా ఉండాలి, హీట్ ప్రొటెక్టెంట్ స్ప్రే రాసినా అది ఆరాకే ప్లేట్లు తగలాలి. రెండు వేళ్ల వెడల్పు పాయ తీసుకుని, ఒక్కసారి నెమ్మదిగా లాగు. ఒకే పాయని ఐదుసార్లు గబగబా లాగడం కన్నా ఇది చాలా నయం. అంకె కనిపించని, వేడి తగ్గించే వీలులేని మెషీన్ అయితే మాత్రం ఎవరికైనా ఇచ్చే బదులు పారెయ్.

నీళ్ల సంగతి నువ్వు రాయలేదు, కానీ నేనడుగుతాను. మీ అపార్ట్‌మెంట్‌లో బాత్‌రూంకి వచ్చేది బోరు నీళ్లా, జీవీఎంసీ నీళ్లా? మేహాద్రిగెడ్డ, రైవాడ లాంటి రిజర్వాయర్ల నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లకీ, తీరం దగ్గర బోరు నీళ్లకీ జుట్టు విషయంలో చాలా తేడా ఉంటుంది. బకెట్ అంచున, కుళాయి మూతిన తెల్లగా పెచ్చు కడుతోందా, సబ్బు సరిగ్గా నురగ రావట్లేదా చూడు. అలా ఉంటే కాల్షియం, మెగ్నీషియం జుట్టు మీదా పేరుకుంటున్నాయి. ఎంత కండిషనర్ రాసినా గరుకుగా ఉండేది అందుకే. షవర్‌కి తగిలించే ఫిల్టర్లు చాలావరకు క్లోరిన్ తగ్గిస్తాయే తప్ప ఈ కఠినత్వాన్ని తియ్యవు, వాటికి డబ్బు తగలెయ్యకు. తలస్నానం బోరు నీళ్లతో చేసినా ఆఖరి రెండు చెంబులు మంచినీళ్లు పోసుకో. నెలకోసారి ఈడీటీఏ (పేరుకున్న ఈ ఖనిజాల్ని పట్టి లాగే పదార్థం) ఉన్న క్లారిఫయింగ్ షాంపూ, అంటే పేరుకున్నదంతా వదిలించే షాంపూ వాడు. గీజర్ నీళ్లు పొగలు కక్కేలా వద్దు, గోరువెచ్చగా చాలు.

కొబ్బరి నూనె మీద మన పెద్దవాళ్ల నమ్మకం వట్టిది కాదు. 2003లో మన దేశపు పరిశోధకులు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, జుట్టులోంచి ప్రోటీన్ పోకుండా బాగా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. అందులోని లారిక్ యాసిడ్ అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది, అందుకే వెంట్రుక లోపలికి దిగుతుంది. తలస్నానానికి గంట ముందు, లేదా ముందు రోజు రాత్రి పొడవంతా రాయి. కానీ నూనె రాసిన జుట్టు మీద స్ట్రెయిటెనర్ పెట్టకు. కార్తీకమాసంలో రోజూ తలస్నానాలు చేసేవాళ్లకి, ఆర్కే బీచ్‌లో సముద్రస్నానానికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే. నూనె రాసి, జడ వేసుకుని దిగండి, ఇంటికి రాగానే మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడుక్కోండి.

కెరాటిన్ గురించి అడిగావు. అది నాకు డబ్బొచ్చే పనే, అయినా నీకు ఇప్పుడు వద్దంటాను. పేరు కెరాటిన్ అయినా చాలా రకాల్లో అసలు పనిచేసేది వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే మందు. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. దానికి బదులు గ్లయాక్సిలిక్ యాసిడ్ వాడే రకాలొచ్చాయి. వాటితో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఎవరైనా చేయించుకోవాలనే అనుకుంటే సీసా చూపించమని అడగాలి. చూపించనంటే లేచి వచ్చెయ్యాలి. ఇస్త్రీ చేస్తుంటే కళ్లు మండితే, గొంతు గరగరలాడితే ఆపించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాని జోలికే పోకూడదు. పైగా చేసినా మూడు నాలుగు నెలలే, ఇప్పటికే వేడికి దెబ్బతిన్న నీ జుట్టు మీద ఇంకోసారి గట్టి వేడి పెట్టాలి. ముందు పాడైన చివర్లు రెండంగుళాలు కత్తిరించుకో. రెండు నెలలు నేను చెప్పినట్టు చేసి చూడు. నాకు తెలిసి అప్పటికి ఆ అవసరం నీకు కనిపించదు.

నీ రోజుకి సరిపడేలా చెప్తాను. తలస్నానం పొద్దున్న కాకుండా సాయంత్రానికి మార్చు, వారానికి రెండు మూడుసార్లు. రాత్రికి పూర్తిగా ఆరనిచ్చి వదులుగా ఒకే జడ వేసుకుని పడుకో. దిండు గలీబు శాటిన్‌ది అయితే మంచిది. పాత పట్టుచీర ఉంటే జరీ అంచు తీసేసి కుట్టించుకున్నా అంతే మెత్తన. పొద్దున్న ఆ జడతోనే, తల మీద శాటిన్ స్కార్ఫ్ కట్టి దాని మీద హెల్మెట్ పెట్టుకో. కాటన్ చున్నీ వెంట్రుకల్ని రుద్దుతుంది, చెమ్మనీ పీలుస్తుంది. ఆఫీసుకి చేరగానే విప్పకు. ఏసీలో పది నిమిషాలు కూర్చుని, మాడు చెమట ఆరాక విప్పి, రెండు చుక్కల సీరం చివర్లకి రాసి వదిలెయ్.

ఒకవేళ రేగడంతో పాటు దువ్విన ప్రతిసారీ గుప్పెడు ఊడుతుంటే, లేదా జుట్టు తీరే ఒక్కసారిగా మారిపోతే, చర్మ డాక్టర్‌కి చూపించుకో. థైరాయిడ్, ఐరన్ తక్కువవడం లాంటివి అయితే ఏ సీరమూ పనిచెయ్యదు.

ఇక అక్క పెళ్లి. డిసెంబర్‌లో మన గాలి మిగతా నెలలతో పోలిస్తే కొంచెం పొడిగానే ఉంటుంది, అయినా రిసెప్షన్ బీచ్ పక్క లాన్‌లో అన్నావు కాబట్టి జుట్టు వదిలేసుకోవద్దు. ముందు రోజు సాయంత్రం తలస్నానం, నాజిల్‌తో ఆరబెట్టడం, పొద్దున్న వదులు జడ. పూల దండ తెచ్చే వాళ్లు వాడిపోకుండా నీళ్లు చిలకరించి తడిబట్టలో చుట్టి ఇస్తారు. దాన్ని అలాగే జడలో పెట్టుకుంటే పూల చుట్టూ జుట్టు గంటలోపే రేగుతుంది. పది నిమిషాలు పొడి గుడ్డ మీద పరిచి, తడి పోయాక పెట్టుకో.